పరుగెత్తేవాళ్ల పక్కన నిలబడేవాళ్లు

గత ఏడాది ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం. సాయంత్రం శ్రీకాకుళం మైదానం నుంచి ఇంటికి బయలుదేరుతుంటే ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నన్ను ఆపారు. పక్కన పదిహేడేళ్ల కూతురు. బైపీసీ పూర్తయింది. నాలుగేళ్లు బరువులెత్తింది, జిల్లా పోటీల్లో పతకాలు తెచ్చుకుంది, మోకాలు దెబ్బతిన్నాక సాధన తగ్గించింది.

“మాస్టారూ, అమ్మాయి స్పోర్ట్స్ సైన్స్ చదువుతానంటోంది. అది చదివితే పీఈటీ అవుతుందా? ఫిజియోథెరపిస్టు అవుతుందా? లేకపోతే ఏదైనా జిమ్ములో పని చూసుకోవడమేనా?”

ఇరవై ఏళ్లకు పైగా ఒక కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆయన అడిగిన మూడింటికీ సూటి జవాబు ‘కాదు’ అనే. పీఈటీ, అంటే బడిలో వ్యాయామోపాధ్యాయురాలు, కావాలంటే వ్యాయామ విద్యలో డిప్లొమా గానీ బీపీఎడ్ డిగ్రీ గానీ ఉండాలి. ఫిజియోథెరపీకి వేరే డిగ్రీ, వేరే చట్టం ఉన్నాయి. జిమ్ములో పనికైతే అంత చదువు ఎవరూ అడగడం లేదు. మరి ఈ చదువు ఎందుకు, ఎవరికి? ఆ తండ్రికి ఆ సాయంత్రం అరగంటలో చెప్పగలిగింది కొంతే. చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

చిక్కంతా పేర్లలో ఉంది. మన ఊళ్లలో ఆటలకు సంబంధించిన ప్రతి చదువునూ ఒకే మూట కట్టి ‘స్పోర్ట్స్ లైన్’ అంటారు. మూట విప్పితే అందులో మూడు వేర్వేరు వృత్తులు కనిపిస్తాయి. ఆట నేర్పేవాళ్లు, గాయం మాన్పేవాళ్లు, శరీరాన్ని కొలిచేవాళ్లు. ముగ్గురూ ఒకే మైదానంలో నిలబడతారు, ఒకే అమ్మాయి మోకాలి గురించి మాట్లాడతారు. కానీ ఒకరి గుమ్మంలోంచి వెళ్లినవారు మరొకరి గదిలోకి రాలేరు. ఎవరి తాళం వారిది. డిగ్రీలో సగం దూరం వెళ్లాక ఈ సంగతి తెలుసుకుని బాధపడిన పిల్లలను చూశాను.

రెండున్నర కిలోల తేడా

కొలిచేవాళ్లతో, అంటే స్పోర్ట్స్ సైన్స్ (వ్యాయామ శాస్త్రం) చదివినవాళ్లతో మొదలుపెడతాను. మనకు అందరికంటే తక్కువ పరిచయం వాళ్లతోనే.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్ లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తరువాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లారని మన జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. స్వర్ణం గెలిచిన బరువు 242.5 కిలోలన్నది చాలామందికి తెలియదు. తేడా రెండున్నర కిలోలు. రెండు ఇటుకల బరువు కూడా ఉండదు.

ఆ రెండున్నర కిలోలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే వ్యాయామ శాస్త్రం అడిగే ప్రశ్న. కాలి కండలో ఇంకొంచెం బలం చాలా? బలం ఉండి, ఇనుప కడ్డీ శరీరానికి రెండు అంగుళాలు దూరంగా పైకి రావడం వల్ల వృథా అవుతోందా? ముందు రాత్రి నిద్ర సరిపోలేదా? పోటీకి ముందు జరిగే ఒంటి బరువు తూకం కోసం నీళ్లు మానేయడం వల్ల పట్టు తగ్గిందా? అనుభవమున్న కోచ్ వీటిలో కొన్నింటిని కంటితోనే పసిగడతాడు. ఊసవానిపేటలో మల్లీశ్వరికి మొదటి పాఠాలు చెప్పిన నీలంశెట్టి అప్పన్న గారి చేతిలో ఏ యంత్రమూ లేదు. ఆ కన్ను మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే కంటికి అందనివి కొన్ని ఉంటాయి. వాటిని కొలవాలి.

ఒక లిఫ్ట్ కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. అంత తక్కువ సమయంలో ఊపిరితో తీసుకున్న ప్రాణవాయువు కండకు పనికిరాదు. కండలోనే నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే రెండు పదార్థాలు పనిచేస్తాయి. గట్టిగా వాడితే పది సెకన్లలో ఆ నిల్వ దాదాపు అడుగంటుతుంది. తిరిగి నిండడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. అందువల్ల బరువులెత్తే పిల్ల రెండు ప్రయత్నాల మధ్య కూర్చుని ఉంటే బద్ధకిస్తోందని కేకలెయ్యకూడదు. ఆ విరామం సాధనలో భాగమే. నిమిషానికే మళ్లీ ఎత్తించే శిక్షకులు బలం పెంచుతున్నామనుకుంటూ అలసటను పెంచుతున్నారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన శరీరాన్ని చూడాలంటే తెల్లవారుజామున నాగావళి వంతెన మీదికి గానీ, విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే రోడ్డు మీదికి గానీ రండి. సైన్యానికీ పోలీసు ఉద్యోగాలకూ పరుగెత్తే కుర్రాళ్లు గుంపులుగా కనిపిస్తారు. మన జిల్లాల్లో ఇంటికొక సిపాయి ఉన్న ఊళ్లున్నాయి, ఆ ఆశ కూడా అంత గట్టిది. 1600 మీటర్ల పరుగులో అర్హత సాధించాలి. కాబట్టి రోజూ 1600 మీటర్లూ ప్రాణం పెట్టి పరుగెత్తి, గడియారం చూసుకుని, నిన్నటికంటే రెండు సెకన్లు తగ్గలేదని దిగులుపడతారు. మూడో వారానికి మోకాలి కింద, పిక్కకు ముందు వైపు ఎముక నొప్పి మొదలవుతుంది. తారు రోడ్డు, అరిగిన బూట్లు, ఒక్కసారిగా పెంచిన దూరం కలిసి తెచ్చే నొప్పి అది. దాన్ని లెక్కచేయకుండా పరుగెత్తితే కొందరికి ఎముకలో సన్నని పగులు వస్తుంది. నోటిఫికేషన్ వచ్చే నాటికి కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చుంటారు.

అయిదారు నిమిషాల పరుగులో శక్తి ఎక్కువ భాగం ప్రాణవాయువు సాయంతోనే వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు, కండలోని సన్నని రక్తనాళాలు నెలల తరబడి నెమ్మదిగా ఎదగాలి. అందుకు వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నిదానంగా పరుగెత్తాలి, ఒకటి రెండు రోజులే వేగం చూడాలి. ఇది నేను కల్పించిన చిట్కా కాదు. 1922లో నోబెల్ బహుమతి పొందిన ఆంగ్ల శాస్త్రవేత్త ఏ.వి. హిల్ గడ్డి మైదానంలో తానే పరుగెత్తి, తన ఊపిరిని సంచిలో పట్టి, అందులో ప్రాణవాయువు ఎంత ఖర్చయిందో లెక్కగట్టిన నాటి నుంచి నూరేళ్లుగా కూడబెట్టిన జ్ఞానం. అది మన రోడ్ల మీదికి ఇంకా రాలేదు. రావడానికి మనుషులు కావాలి. ఆ మనుషులను తయారుచేసే చదువే ఇది.

ఈ గదిలో కొలువులు ఎలా ఉంటాయో చెప్పాలి. భారత క్రీడా ప్రాధికార సంస్థ తన శిక్షణ కేంద్రాలకు హై పర్ఫార్మెన్స్ అనలిస్ట్ అనే పేరుతో శరీరధర్మ శాస్త్రం, బయోమెకానిక్స్ (శరీర కదలికల శాస్త్రం), మనస్తత్వ శాస్త్రం, పోషణ వంటి విభాగాల్లో నిపుణులను తీసుకుంటుంది. స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ (బలం, దమ్ము పెంచే) నిపుణులనూ తీసుకుంటుంది. ఎక్కువగా ఒప్పంద ఉద్యోగాలే. ఒప్పందం ముగిసేటప్పుడు తరువాత ఏమిటన్న బెంగ తప్పదు, దాన్ని దాచి చెప్పడం తప్పు. క్రికెట్, కబడ్డీ, ఫుట్‌బాల్ జట్లలో ఆటను వీడియోలో కోసి లెక్కలు తీసేవారుంటారు. కబడ్డీలో ఒక కూత ముప్పై సెకన్లు. ప్రత్యర్థి రైడర్ ఎన్నో సెకనులో, ఏ మూలకు, ఏ కాలితో వస్తాడో వంద కూతలు చూసి పట్టిక వేయగలిగినవాడికి ఆ పని దొరుకుతుంది. దీనికి ఎంపీసీ చదివినవాళ్లూ, కంప్యూటర్ డిగ్రీ చేసినవాళ్లూ పనికొస్తారు.

ఇంకో మాట. మనవాళ్లు పై చదువంటే హైదరాబాదో బెంగళూరో అంటారు. శ్రీకాకుళం వాళ్లకు భువనేశ్వర్ కూడా దగ్గరే. అక్కడి కళింగ స్టేడియంలో ఆటల వారీగా శిక్షణ కేంద్రాలున్నాయి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి అక్కడ జేమ్స్ హిల్లియర్ శిక్షణలోనే వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. చదువుకునే రోజుల్లోనే ఉదయం రైలెక్కి అలాంటి చోటుకు వెళ్లి, ఒక రోజంతా గోడవారగా నిలబడి ఎవరు ఏ పని చేస్తున్నారో చూసి రమ్మని నేను పిల్లలకు చెబుతుంటాను.

డ్రిల్లు మాస్టారి గది

నేర్పే వృత్తికి మన నేలలో లోతైన వేళ్లున్నాయి. వీరఘట్టంలో పుట్టి, ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారిని ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మల్లుడిగానే గుర్తుపెట్టుకుంటాం. సర్కస్ పెట్టడానికి ముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. నూరేళ్ల కిందటే ఉన్న ఊరు వదిలి, పద్ధతిగా శిక్షణ తీసుకుని, ధ్రువపత్రంతో తిరిగొచ్చారు. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. అక్కడ పరుగెత్తే పిల్లల్లో ఎంతమందికి ఆయన ఒకప్పుడు మాస్టారని తెలుసో నాకు అనుమానమే.

ఈ గదికి దారి అన్నిటికంటే స్పష్టంగా ఉంది. ఇంటర్ తరువాత వ్యాయామ విద్యలో రెండేళ్ల డిప్లొమా, డిగ్రీ తరువాత రెండేళ్ల బీపీఎడ్. ఏ గ్రూపువారైనా రావచ్చు. రాష్ట్రంలో పీఈసెట్ ద్వారా ప్రవేశం. అందులో పరుగు, దూకడం, గుండు విసరడం, ఒక ఆటలో నైపుణ్యం చూస్తారు. తరువాత డీఎస్సీ. ఇంకా పైకి వెళ్లి ఎంపీఎడ్ చేసి, నెట్ రాసి, కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ కావచ్చు. నేను వచ్చిన దారి ఇదే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వ్యాయామ విద్యా విభాగం ఉంది. దేశంలో పేరున్నది 1957లో గ్వాలియర్‌లో మొదలైన లక్ష్మీబాయి సంస్థ.

పీఈటీకీ కోచ్‌కీ తేడా ఉందని మాత్రం చాలామంది గమనించరు. బడిలో అరవై మందిని ఆడించడం ఒక విద్య. ఒక్క పిల్లను పదేళ్లపాటు ఒకే ఆటలో పెంచడం మరో విద్య. కోచ్ కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే ఏడాది డిప్లొమాకే విలువ. మనవాళ్లు ‘ఎన్ఐఎస్ చేశాడు’ అంటే అదే. ఆరు వారాల ధ్రువపత్ర కోర్సు కూడా ఉంది, దాన్నీ దీన్నీ ఒకటే అనుకోవద్దు. మణిపుర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ కోచింగ్‌లో బీఎస్సీ ఉంది. ఆడి, దెబ్బతిని, ఆట వదలలేని పిల్లలకు ఇది మంచి దారి.

నొప్పి మాత్ర

మాన్పే గది గురించి రాసేటప్పుడు నాకు కొంచెం కోపం వస్తుంది. పాఠకులు క్షమించాలి.

కొన్నేళ్ల కిందట ఒక ఊరి శిక్షణ శిబిరానికి వెళ్లాను. పదిహేనేళ్ల అమ్మాయి సాధనకు ముందు నోట్లో ఏదో వేసుకుని నీళ్లు తాగింది. అడిగితే, “నొప్పి మాత్ర సార్, వేసుకోకపోతే మోకాలు వంగదు” అంది. ఎన్నాళ్లుగా అంటే రెండు నెలలుగా. ఎవరిచ్చారంటే మందుల షాపులో ఇచ్చారు. ఆ అమ్మాయిది సోంపేట వైపు ఊరు.

ఉద్దానమంటే తెలిసినవారికి ఈ మాట ఎందుకు గుచ్చుకుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. ఫలానాదే మూలమని ఇప్పటికీ తేలలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు రక్తం చేరే తీరును దెబ్బతీస్తాయని మాత్రం తేలింది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, ఎండలో చెమటోడ్చినప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. అలాంటి నేలలో పుట్టిన పిల్ల చేత, చెమట పట్టే ఆటలో, రోజూ ఆ మాత్ర మింగిస్తున్నాం. ఆ శిబిరంలో ఒక్క ఫిజియోథెరపిస్టు ఉంటే మోకాలు ఎందుకు నొస్తోందో చూసేవారు. తొడ ముందు కండ బిగుసుకుందా, తుంటి కండ బలహీనంగా ఉండి కూర్చుని లేచేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా, బరువు మరీ తొందరగా పెంచారా అని పరీక్షించి, నాలుగు వారాల వ్యాయామం రాసిచ్చేవారు.

ఫిజియోథెరపీ బీపీటీ అనే డిగ్రీ. బైపీసీ కావాలి. నాలుగేళ్ల చదువు, ఆపై ఇంటర్న్‌షిప్. తరువాత క్రీడా విభాగంలో ఎంపీటీ అనే పీజీ చేయవచ్చు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి ఫిజియోథెరపిస్టులూ ఆహార నిపుణులూ వస్తారు. స్పోర్ట్స్ సైన్స్ బీఎస్సీ చదివిన వ్యక్తి గాయానికి చికిత్స చేస్తానని బోర్డు పెట్టకూడదు. ఎవరైనా కళాశాల ప్రతినిధి ఇంటికొచ్చి, రెండూ ఒకటేనండీ అంటే లేచి నమస్కారం పెట్టి పంపించండి.

ఎంబీబీఎస్ తరువాత స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎండీ కూడా ఉంది, సీట్లు బాగా తక్కువ. ఎముకల డాక్టర్లలో కొందరు కీళ్ల గాయాలకే పరిమితమవుతారు. వారు తెగిన స్నాయువును కుడతారు. మోకాలిలో ఏసీఎల్ అనే స్నాయువు తెగి శస్త్రచికిత్స జరిగితే తొమ్మిది నెలలు నిండకముందే ఆటలోకి దిగడం మళ్లీ గాయపడే ముప్పును పెంచుతుంది. ఆ తొమ్మిది నెలలూ పిల్ల పక్కన ఎవరుంటారు? సర్జన్ ఉండరు. మొదటి నెలల్లో ఫిజియోథెరపిస్టు, తరువాత కండ పెంచే స్ట్రెంగ్త్ కోచ్, పరుగు మొదలయ్యాక రెండు కాళ్ల బలాన్నీ పోల్చి కొలిచేవారు, ‘మళ్లీ తెగుతుందేమో’ అన్న భయంతో పనిచేసే మనస్తత్వ నిపుణులు ఉంటారు. మూడు గదులవాళ్లూ ఒకే మోకాలి చుట్టూ నిలబడే సందర్భం ఇది. ఒకరి పని ఇంకొకరు చేయబోతేనే పాడవుతుంది.

మనస్తత్వ నిపుణుల గురించి ఒక్క మాటే చెబుతాను. ఊళ్లో ఎనభై ఎత్తిన పిల్ల వేదిక మీద డెబ్భై అయిదు దగ్గర ఆగిపోతే ‘ధైర్యం లేదు’ అని తేల్చేస్తాం. ధైర్యం కూడా నేర్పగలిగినదే. మనస్తత్వ శాస్త్రంలో ఎంఏ చేసి, క్రీడల వైపు ప్రత్యేకంగా చదవాలి. ఆర్ట్స్ విద్యార్థులకు ఈ తలుపు తెరిచే ఉంది.

కొండవెలగాడ పళ్లెం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటి వాకిట్లో కబుర్లు కూడా స్నాచ్, జర్క్‌ల మీదే నడుస్తాయి. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. కొద్దిరోజులకే అది రజతం అయింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోయింది. ఆ నైజీరియా అమ్మాయి వయసు పదహారు.

మన అమ్మాయికి రజతం వచ్చిందని సంతోషించాం, సంతోషించాలి కూడా. ఒక శిక్షకుడిగా నన్ను ఆ రెండో అమ్మాయి వయసు వెంటాడింది. పదహారేళ్ల పిల్లకు ఏది ఎవరిచ్చారు? డోపింగ్ నియమాల్లో ‘నాకు తెలియదు’ అన్న మాట చెల్లదు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. జిమ్ముల్లో డబ్బాల్లో అమ్మే పొడుల్లో లేబుల్ మీద లేని మందులు కలిసి ఉండటం ప్రపంచమంతటా జరుగుతోంది. కాబట్టి క్రీడా పోషణ నిపుణులకు పళ్లెంలో ఏముండాలో చెప్పడంతో పని సగమే అవుతుంది. ఏముండకూడదో చెప్పడం మిగతా సగం.

బరువు విభాగాల ఆటల్లో ఇంకో కష్టముంది. పోటీకి ముందు రోజు అన్నం మానేసి, నీళ్లు మానేసి, ఎండలో స్వెటర్ వేసుకుని పరుగెత్తే పిల్లలను మనమంతా చూశాం. వెయిట్ లిఫ్టింగ్‌లో తూకం పోటీకి రెండు గంటల ముందు జరుగుతుంది. పోయిన నీరు రెండు గంటల్లో పూర్తిగా తిరిగిరాదు. తూకంలో నెగ్గి, వేదిక మీద ఓడిపోతారు. నెలల తరబడి తక్కువ తింటూ ఎక్కువ సాధన చేసే అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలుచబడతాయి. ఈ విషయం మగ కోచ్‌తో ఆ పిల్ల చెప్పదు, కోచ్ అడగడు. ఈ రంగంలోకి ఆడపిల్లలు రావాలని నేను పదేపదే అనడానికి ఇది ప్రధాన కారణం.

యాభై కిలోల అమ్మాయి కండ పెంచుకోవాలంటే రోజుకు సుమారు ఎనభై గ్రాముల ప్రొటీన్ తినాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే. పళ్లెం నిండా అన్నం, చెంచాడు పప్పు ఉన్న ఇంట్లో ఆ లెక్క ఎలా కుదర్చాలి? ఎండు చేపలు, సెనగలు, పల్లీలు, పెరుగు, ఉదయాన్నే చోడి (రాగి) అంబలి. చోళ్లలో కాల్షియం బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దిగుమతి పొడి అవసరం లేకుండా ఆ ఇంటి డబ్బుతోనే పళ్లెం సర్దగలిగినవారే నిజమైన నిపుణులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో క్రీడా పోషణలో ఎమ్మెస్సీ ఉంది. తెలుగు నేల మీదే, అంత పేరున్న సంస్థలో ఈ కోర్సు ఉందని మన డిగ్రీ కళాశాలల్లో చాలామంది పిల్లలకు తెలియదు.

మైదానం దాటితే

ఇప్పటిదాకా ఆటగాళ్ల గురించే మాట్లాడాను. ఈ చదువుకు పెద్ద బతుకుతెరువు ఆటల బయట ఉందని నా నమ్మకం.

1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు ఒక పరిశోధన ప్రచురించారు. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్లు రోజంతా కూర్చుంటారు, కండక్టర్లు రోజంతా మెట్లెక్కి దిగుతారు. ఊరు, బతుకు స్థాయి దాదాపు ఒకటే. కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా ఉందని ఆయన చూపించారు. వ్యాయామం ఆటగాళ్ల సొత్తు కాదని, అది మందులాంటిదని శాస్త్రం గట్టిగా చెప్పడం అక్కడి నుంచే ఊపందుకుంది. నేను శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో కూర్చున్నప్పుడల్లా ఆ పరిశోధన గుర్తొస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందుకు మోతాదు ఉన్నట్టే వ్యాయామానికీ ఉంది. గుండెకు స్టెంటు వేసిన మనిషికి ఎంత నడక, షుగరు ఉన్న మనిషికి భోజనం తరువాత ఏ వ్యాయామం, డెబ్భై ఏళ్ల అవ్వ కింద పడకుండా ఉండటానికి ఏ కండకు బలం ఇవ్వాలి అని చెప్పేవారు కావాలి. ఆస్ట్రేలియాలో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అనేది గుర్తింపు ఉన్న ఆరోగ్య వృత్తి. మన దేశంలో ఆ గుర్తింపు ఇంకా లేదు. పెద్ద నగరాల ఆసుపత్రుల్లో గుండె పునరావాస విభాగాల్లో మాత్రం ఇలాంటివారు కనిపిస్తున్నారు.

పలాసలో ఇప్పుడు కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. డయాలిసిస్ మంచం మీద ఒక్కో విడతకు నాలుగు గంటల దాకా కదలకుండా పడుకునే మనుషులకు కాలి కండలు కరిగిపోతాయి. పడుకున్నచోటే పెడల్ తొక్కించి ఆ నష్టాన్ని తగ్గించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. మధ్య అమెరికాలో చెరకు కోతల మధ్య ఇలాగే కిడ్నీలు చెడిపోయే జబ్బును చూసినవారు పొలంలోకి నీళ్లు, నీడ, విశ్రాంతి తెచ్చి పని వేళలు మార్చారు. ఎండలో శ్రమించే శరీరం ఎంత చెమట కోల్పోతుందో, ఎన్ని నిమిషాలకు ఆగాలో లెక్కగట్టేది ఇదే శాస్త్రం. ఉద్దానంలో కారణం ఏదని తేలినా, ఎండలో పనిచేసే మన కూలీకి ఆ లెక్క పనికొస్తుంది. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో రోజంతా కూర్చుని గింజలు ఒలిచే మహిళల నడుము, మెడ, మణికట్టు నొప్పులు కూడా ఈ చదువు చూడాల్సినవే. పీట ఎత్తు నాలుగు అంగుళాలు మార్చడం పరిశోధనలా కనిపించకపోవచ్చు, ఆమె నడుముకు తెలుస్తుంది. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, జూట్ మిల్లుల్లో ఇలాంటి పని ఎంతైనా ఉంది. ఉద్యోగాలు మాత్రం ఇంకా సృష్టి కాలేదు. ఆ మాట దాచను.

క్రీడా నిర్వహణ, క్రీడా పాత్రికేయం, దివ్యాంగ క్రీడల్లో ఎవరు ఏ విభాగమో తేల్చే వర్గీకరణ, డోప్ నమూనాలు సేకరించే అధికారులు, ప్రయోగశాల రసాయన శాస్త్రవేత్తలు, ఇలా ఇంకా చిన్న తలుపులెన్నో ఉన్నాయి.

ఏ గ్రూపు, ఏ కళాశాల

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు: ఆటల వైపు వెళ్లాలనుకునే పిల్లకు బైపీసీ తీసుకుంటే మూడు గదులూ తెరిచి ఉంటాయి. ఎంపీసీతో కొలిచే గదిలో బయోమెకానిక్స్, గణాంకాలు, సెన్సర్లు దొరుకుతాయి, ఫిజియోథెరపీ పోతుంది. ఆర్ట్స్‌తో నేర్పడం, మనస్తత్వం, నిర్వహణ మిగులుతాయి. ‘ఆటల పిల్లకు సులువైన గ్రూపు’ అని ఆలోచించకుండా ఏదో ఒకటి ఇప్పించేయడం వల్ల జరిగే నష్టం ఇది.

స్పోర్ట్స్ సైన్స్ బీఎస్సీలో చేర్చేముందు ఆ కళాశాలకు స్వయంగా వెళ్లండి. ప్రయోగశాల చూపించమనండి. పరుగెత్తే మనిషి ఊపిరిని కొలిచే యంత్రం, పాదం నేలను ఎంత బలంతో నెట్టిందో చెప్పే ఫోర్స్ ప్లేట్ ఉన్నాయా? ఉంటే, వాటి మీద దుమ్ము ఉందా? పాఠం చెప్పేవారు ఏ సబ్జెక్టులో చదివారు? పిల్లలు ఎన్ని నెలలు నిజమైన జట్టుతోనో, ఆసుపత్రితోనో పనిచేస్తారు? రెండేళ్ల కిందట వెళ్లిన విద్యార్థుల ఫోను నంబర్లు ఇవ్వగలరా? చివరి ప్రశ్నకు తడబడే చోట ఫీజు కట్టవద్దు. చెన్నై, మణిపాల్ వంటి చోట్ల పాతుకుపోయిన విభాగాలున్నాయి, ఖర్చూ ఎక్కువే. ఆ ఖర్చు భరించలేని ఇంటికి నా సలహా వేరు. ముందు బీపీటీ గానీ బీపీఎడ్ గానీ చేసి, కాళ్ల కింద నేల గట్టి చేసుకుని, పీజీలో స్పోర్ట్స్ సైన్స్ వైపు మళ్లండి. దారి రెండేళ్లు పొడవవుతుంది, అప్పు తగ్గుతుంది.

ఆ సాయంత్రం నన్ను ఆపిన తండ్రి కూతురు చివరికి బీపీటీలో చేరింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఊళ్లో తను సాధన చేసిన షెడ్డుకే వెళ్తోంది. ఫోనులో నెమ్మది వేగంతో చిన్నపిల్లల లిఫ్టులు తీసి, కడ్డీ ఎక్కడ దూరం జరుగుతోందో వాళ్లకే చూపిస్తోంది. ఒక పొడవాటి నోటు పుస్తకంలో పేర్లు, బరువులు, నొప్పులు రాస్తోంది. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు అందులో కొత్తగా ఇంకో నిలువు గడి కనిపించింది, పైన ‘నిద్ర’ అని ఉంది. పన్నెండేళ్ల పిల్లల దగ్గర కూడా అయిదు, అయిదున్నర అని పడ్డాయి. ఆ వయసుకు తొమ్మిది గంటలు కావాలి. ఆమె ఆ పుస్తకం కోచ్ గారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. మర్నాటి నుంచి ఆ షెడ్డులో సాధన నాలుగున్నరకు బదులు ఆరు గంటలకు మొదలవుతోంది.